ఉంగరాల జుట్టుకు ఏ పద్ధతి మేలు? ముందు బకెట్‌లో నీళ్లు చూడండి

పోయిన ఆదివారం దేవరకొండ నుంచి మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. పొద్దుగాల తలకు పోసుకుని, మధ్యాహ్నం దాకా చిక్కు తీసుకుంటూనే ఉందట. "అక్కా, నాకు యాష్టకొచ్చింది. ఇగ పార్లర్‌ల జుట్టు నిటారుగా సాఫ్ చేయించుకుంట, లేకుంటే మొత్తం కత్తిరించుకుంట" అన్నది. గొంతులో ఏడుపు వినబడుతోంది. స్నానాల గది గూట్లో ఏమేం పెట్టుకున్నావో ఒక్కొక్కటే చదవమన్నాను. సల్ఫేట్ లేని షాంపూ, మామూలు షాంపూ, రెండు రకాల కండిషనర్, ఒక క్రీము, ఒక జెల్, ఒక సీరం, ఉల్లిగడ్డ నూనె, అత్తమ్మ దంచి ఇచ్చిన కుంకుడు పొడి. మొత్తం తొమ్మిది. ఫోన్‌లో దాచుకున్న వీడియోలు వేరే. ఒకామె నూనె చుక్క కూడా వద్దంటుంది, ఇంకొకామె రాత్రంతా నూనెలో నానబెట్టమంటుంది. ఒకరు రోజూ తడపమంటారు, మరొకరు పది రోజులకోసారి చాలంటారు.

"వీటిల ఏది మంచిదో చెప్పక్కా" అన్నది. నేను తిరిగి ఒక్కటే అడిగాను: "మీ ఇంట్ల నెత్తికి పోసుకునే నీళ్లు ఏంటివి? బోరువా, నల్లావా?"

నాది కూడా ఉంగరాల జుట్టే. నూనె జడ, స్మూతనింగ్, పొట్టి క్రాఫు, జెల్, అన్నీ చేసి చూశాను. ఏదైనా పనిచేసిందంటే, చేయలేదంటే, కారణం ఎక్కువసార్లు నీళ్లలోనే దొరికింది, సీసాలో కాదు. అందుకే ఈ పోలికను కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ముందు నీళ్లు

నల్లగొండ పేరు చెప్పగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. జుట్టు ఊడినా అదే కారణం అనుకుంటాం. మర్రిగూడ దిక్కు ఎముకలకు, పళ్లకు అది చేసిన కీడు కళ్లారా చూసినవాళ్లం కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేను. కానీ వెంట్రుకను గరుకుగా మార్చేది ఎక్కువగా ఆ బోరు నీళ్లలోనే కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం. పాలమూరు దిక్కు బోర్లలో కూడా చాలా చోట్ల ఇదే కథ. ఈ లవణాలు వెంట్రుక పై పొరకు పట్టుకుని ఉండిపోతాయి. పైన ఎంత మంచి కండిషనర్ రాసినా నాలుగు స్నానాలకు మళ్లీ పీచులా తయారవుతుంది. మనమేమో కండిషనర్ మంచిది కాదని ఇంకోటి కొంటాం.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి వంటింట్లోనే ఆనవాళ్లు ఉంటాయి. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తగా ఉడకదు. హీటర్ కడ్డీకి తెల్లటి పెచ్చు కడుతుంది. ఒంటి సబ్బు నురగ రాకుండా బకెట్ అంచున తెట్టులా విరుగుతుంది. నీళ్ల పరీక్ష రిపోర్టు చేతిలో ఉంటే టోటల్ హార్డ్‌నెస్ అనే వరుస చూడండి, ఈ లవణాలు మొత్తం ఎంతున్నాయో చెప్పే అంకె అది. తాగునీటికి మన దేశపు ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన మంచి హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. ఆ అంకె 200 దాటి పైకి పోతున్న కొద్దీ ఉంగరాల జుట్టుకు కష్టం పెరుగుతుంది.

మిషన్ భగీరథ నల్లా వచ్చే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఈ పని సగం తేలిక. మన చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ పెట్టి మొదలుపెట్టిన పథకమే అది. మన దిక్కు ఆ నల్లాల్లో వచ్చేది ఎక్కువగా శుద్ధి చేసిన కృష్ణ నీళ్లు. బోరు నీళ్ల కంటే మెత్తన. తాగే నీళ్లతో నెత్తి మొత్తం కడగమని నేను చెప్పను. మురికి, నూనె వదిలేదాకా బోరు నీళ్లే పోసుకోండి. చివర రెండు మూడు చెంబులు మాత్రం నల్లా నీళ్లు పోసుకుంటే చాలు. నల్లా రాకపోతే ఫిల్టర్ నీళ్ల క్యాన్‌లోంచి రెండు చెంబులు. నేను అన్నింటికంటే తక్కువ ఖర్చుతో, అన్నింటికంటే ఎక్కువ తేడా చూసింది ఈ ఒక్క మార్పులోనే.

అప్పటికే పేరుకున్నదాన్ని వదిలించడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) పనికొస్తుంది. పదిహేను రోజులకోసారి, మగ్గు నీళ్లలో చిటికెడు కరిగించి, కళ్లలో పడకుండా జుట్టు మీద పోసుకుని, రెండు నిమిషాల్లో కడిగేయాలి. నెత్తి మీద పుండ్లు, గోకుడు గీతలు ఉంటే వద్దు. నిమ్మకాయ నేరుగా పిండుకుని ఎండలోకి పోవడం అసలే వద్దు, చర్మం కాలినట్టు నల్లబడుతుంది.

ఈ జుట్టు ఎందుకిలా

వెంట్రుక మొలిచే గుంట వంపుగా ఉంటే వెంట్రుక మెలికలు తిరుగుతూ వస్తుంది. అది పుట్టుకతో వచ్చింది. యాదగిరిగుట్టలోనో చెర్వుగట్టులోనో పుట్టు వెంట్రుకలు తీయిస్తే రెండోసారి సాఫ్‌గా వస్తుందని పెద్దవాళ్లు అంటారు. మొక్కు తీర్చుకోవడం మంచిదే, కానీ గుండుతో గుంట వంపు మారదు. పిల్లలు పెరిగే వయసులో జుట్టు తనంతట తానే మారడం ఉంది, దాన్ని గుండు ఖాతాలో వేస్తారు.

నెత్తి మీద ఊరే జిడ్డు నిటారు వెంట్రుక మీద జారుతూ కొస దాకా పోతుంది. మెలికల మీద మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే మనకు కుదుళ్లు జిడ్డుగా, కొసలు ఎండుగా ఒకేసారి ఉంటాయి. కుదుళ్లు కడగమంటాయి, కొసలు కడగొద్దంటాయి. వీడియోలు ఒకదానికొకటి ఎదురు చెప్పడానికి కారణం కూడా ఇదే: ఒకామె కుదుళ్ల గురించి చెప్తుంటే ఇంకొకామె కొసల గురించి చెప్తుంటుంది.

మెలికలను బట్టి జుట్టును 2ఎ నుంచి 4సి దాకా రకాలుగా విడదీసే పట్టికలో మీ జుట్టు ఏదో తేల్చుకోవడానికి రాత్రులు మేల్కోవద్దు. ఒకే నెత్తి మీద రెండు మూడు రకాలు ఉంటాయి. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పరీక్ష కూడా నమ్మదగింది కాదు. మీ వెంట్రుక సన్నమా మోటా, నెత్తి మీద ఒత్తుగా ఉందా పలచగా ఉందా, ఈ రెండు తెలిస్తే చాలు. సన్న వెంట్రుకకు క్రీములు బరువు, మోటు వెంట్రుకకు అవి అవసరం.

నూనె, కుంకుడుకాయ, జడ

మా అమ్మమ్మ ఇదే చేసేది, అరవై ఏళ్లు దాటినా కొప్పు పిడికిట్లో పట్టేది కాదు. ఈ పద్ధతిని పాతదని తీసేయడం నాకు నచ్చదు. తలకు పోసుకునే ముందు కొబ్బరినూనె రాయడం వట్టి నమ్మకం కాదు. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో అచ్చైన ఒక పరిశోధన చూపింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. మన పాలమూరు చేలల్లో పండే ఆముదం మంచిదే, కానీ చాలా చిక్కన. ఒక్కటే రాస్తే వదలదు. మూడు వంతుల కొబ్బరినూనెలో ఒక వంతు ఆముదం కలిపి, కొసలకే పట్టించండి.

కుంకుడుకాయకు ఒక గుణం ఉంది. ఒంటి సబ్బులా నీళ్లలోని సున్నంతో కలిసి తెట్టు కట్టదు. కాబట్టి బోరు నీళ్లలో సబ్బు బిళ్లతో తలంటుకోవడం కంటే కుంకుడు రసం ఎంతో నయం. పొడి మాత్రం ఉంగరాల జుట్టులో వాడొద్దు. పలుకులు మెలికల్లో ఇరుక్కుంటాయి, శీకాయ పొడి కూడా అంతే. కాయలు కొట్టి, గింజ తీసి, రాత్రి నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టిన రసమే వాడాలి. అందులో గుప్పెడు మందారాకు నలిపి కలిపితే జిగురు వల్ల చిక్కు తేలికగా విడిపోతుంది. గోరింటాకు దగ్గర జాగ్రత్త: పెడుతూ పోతే ఉంగరాలు సాగి వదులవుతాయి, జుట్టు ఎండుతుంది.

ఈ పద్ధతికి డబ్బు దాదాపు పట్టదు, టైము పడుతుంది. ఉంగరాలు విప్పుకుని తిరగాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు, జుట్టు జడలోనే ఉండాలి. బడికి పోయే పిల్లలకు, పొలం పనికి, ఎండలో పనికి పోయేవాళ్లకు నేను ఇదే చెప్తాను. రెండు తప్పులు మాత్రం చేయొద్దు. తడి జుట్టును బిర్రుగా జడ వేయడం ఒకటి. బడి టైముకు రిబ్బన్లు కట్టాలని తల్లులు రోజూ లాగి లాగి వేస్తారు, ఏళ్ల తరబడి అలా లాగితే పాపట దగ్గర, కణతల దగ్గర జుట్టు పలచబడి మళ్లీ రాకపోవచ్చు. రెండోది, చుండ్రు ఎక్కువగా ఉన్నప్పుడు నెత్తికి నూనె పట్టించడం. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు ఆ జిడ్డే తిండి. అప్పుడు ఫంగస్‌ను అణిచే కిటోకొనజోల్ షాంపూ వాడి, నూనెను కొసలకే పరిమితం చేయండి.

షాంపూ, కండిషనర్, జెల్

నేనిప్పుడు చేస్తున్నది ఇదే. మొదట్లో భయపెట్టిన పద్ధతి కూడా ఇదే, ఎందుకంటే దీన్ని అమ్మేవాళ్లు పది మెట్లుగా చెప్తారు. నిజానికి మూడు మెట్లు.

షాంపూ నెత్తికి మాత్రమే, వేలి కొసలతో. కొసలను రుద్దకండి, జారే నురగ చాలు వాటికి. తరువాత కండిషనర్ చేతినిండా తీసుకుని కొసల నుంచి పైకి పట్టించి, అది ఉండగానే చిక్కు తీయాలి. ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో, కింద నుంచి పైకి. ఉంగరాల జుట్టును ఎండినప్పుడు దువ్వడమే చిక్కులకు, పిచ్చుక గూడు రూపానికి పెద్ద కారణం. మా చెల్లెలు ఆదివారం పూట మధ్యాహ్నం దాకా చేసింది అదే. కండిషనర్ ఉండగా దువ్వితే పది నిమిషాల పని.

మూడోది జెల్, నీళ్లు ఇంకా కారుతున్నప్పుడే. రెండు చేతులకు పూసుకుని, జుట్టును గుప్పిట్లోకి తీసుకుని కింద నుంచి పైకి పిసకాలి. తువ్వాలతో రుద్దితే పని చెడుతుంది. పాత నూలు పంచెనో, మెత్తబడిన నారాయణపేట చీర ముక్కనో చుట్టి నీళ్లు అద్దండి. ఆపైన పూర్తిగా ఆరేదాకా చేయి పెట్టొద్దు. ఆరాక గట్టిగా, పెళుసుగా ఉంటుంది, మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడే భయపడి కడిగేసుకుంటారు. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని పిసికితే ఆ పెళుసు పోయి ఉంగరాలు మెత్తగా విడిపోతాయి.

జెల్ కొనక్కర్లేదు. నాలుగు చెంచాల అవిసె గింజలు రెండు కప్పుల నీళ్లలో కలుపుతూ మరిగించండి. గుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించి, వేడి మీదే పల్చటి చున్నీలో వడగట్టాలి. చల్లారితే గింజలను వదలదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబోయండి.

సల్ఫేట్ అంటే షాంపూలో గట్టిగా నురగ తెచ్చి జిడ్డు వదిలించే పదార్థం. అది లేని షాంపూ గురించి నా మాట చాలామంది చెప్పేదానికి వేరుగా ఉంటుంది. మెత్తటి నీళ్లున్న చోట ఆ షాంపూ చక్కగా పనిచేస్తుంది. బోరు నీళ్లలో మాత్రం ఎప్పుడూ అదొక్కటే వాడితే సున్నం, క్రీములు, జెల్ అన్నీ పొరలుగా పేరుకుని జుట్టు మైనం పూసినట్టు అవుతుంది. అందుకని నెలకోసారి మామూలు షాంపూతో గట్టిగా కడగండి. సీసా వెనక పదార్థాల వరుసలో ఈడీటీఏ అనే పేరు కనిపిస్తే ఇంకా మంచిది, అది కాల్షియాన్ని పట్టుకుని నీళ్లతో పాటు తీసుకుపోతుంది. సీరంలో డైమెథికోన్ లాంటి సిలికోన్ ఉంటే కూడా ఇలాగే అప్పుడప్పుడు కడిగి వదిలించాలి. దాన్ని విషంలా చూడక్కర్లేదు.

కాలాన్ని బట్టి కూడా మార్చుకోవాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో గాలిలో తేమ ఉండదు. గ్లిజరిన్ ఎక్కువున్న జెల్ గాలి నుంచి లాక్కోవడానికి ఏమీ దొరకక జుట్టులో ఉన్న తేమనే బయటికి లాగుతుంది. వానకాలంలో అదే గ్లిజరిన్ బయటి తేమను లోపలికి గుంజి జుట్టును ఉబ్బిస్తుంది. ఈ రెండు కాలాల్లో అవిసె జెల్ మేలు. చలికాలం ఏదైనా నడుస్తుంది.

దీనికి వారానికి ఒకసారి గంట టైము కావాలి, ఆరడానికి ఇంకో రెండు మూడు గంటలు. మధ్యలో రోజూ చేతులు తడుపుకుని సర్దుకోవడానికి ఐదు నిమిషాలు. పొద్దున ఆరున్నర బస్సుకు హైదరాబాద్ పోయేవాళ్లు పొద్దున తలకు పోసుకోవద్దు, ముందు రోజు సాయంత్రం పోసుకోండి. రాత్రి పడుకునేటప్పుడు జుట్టు నడినెత్తిన వదులుగా కట్టి, దిండుకు పాత పట్టుచీర ముక్క చుట్టండి. పొద్దున సగం పని తప్పుతుంది. కిటికీ పక్క సీటులో, హెల్మెట్ కింద కూడా ఆ పట్టుగుడ్డే కట్టుకోవచ్చు.

సాఫ్ చేయించుకోవడం

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే యాష్టకొచ్చిన రోజు అందరి చూపు పడేది దీని మీదే. పెళ్లి చూపులకు ముందు ఇంట్లోవాళ్లు కూడా ఇదే అంటారు.

రెండు వేర్వేరు పనులను పార్లర్లలో కలిపి చెప్తుంటారు. రీబాండింగ్, స్మూతనింగ్ అనేవాటిలో ఎక్కువగా వెంట్రుక లోపలి గంధకపు బంధాలను థయోగ్లైకోలేట్ లాంటి మందుతో తెంచి, వేడి ఇస్త్రీతో నిటారుగా చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్లీ బిగిస్తారు. ఆ మేర ఉంగరం ఇక తిరిగి రాదు. కెరటిన్ పేరుతో చేసేది పూత లాంటిది, కొన్ని నెలల్లో వదులుతుంది. కానీ వాటిలో చాలావాటి నుంచి వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. ఫార్మాల్డిహైడ్ లేదని అమ్మేవాటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. అలాంటి క్రీముతో జుట్టు సాఫ్ చేయించుకున్న ప్రతిసారీ, మొత్తం మూడుసార్లు, కిడ్నీ దెబ్బతిన్న ఒక యువతి కేసును ఫ్రాన్స్ డాక్టర్లు 2024లో ప్రచురించారు. అందరికీ అలా అవుతుందని కాదు. డబ్బా మీద ఏముందో చదవకుండా నెత్తి అప్పగించొద్దని.

నా పెళ్లికి ముందు నేను చేయించుకున్నాను. గదికి కిటికీ లేదు, ఇస్త్రీ పెట్టినప్పుడల్లా పొగకు కళ్లు మండి నీళ్లు కారాయి. అడిగితే "కామనే మేడం" అన్నారు. పెళ్లి ఫోటోల్లో జుట్టు అద్దంలా మెరుస్తుంది, నిజమే. జుట్టు నెలకు సెంటీమీటరుకు కొంచెం పైనే పెరుగుతుంది. ఎనిమిది నెలలకు పైన బెత్తెడు ఉంగరాలు, కింద చీపురు పుల్లల్లా నిటారు. ఆ రెండూ కలిసే చోట దువ్వెన పెట్టినప్పుడల్లా తెగేది. అది మొత్తం పోయి నా జుట్టు నాకు తిరిగి రావడానికి రెండేళ్లకు పైనే పట్టింది. అంటే చిక్కు తప్పించుకోవాలని చేయించుకున్న పని, రెండు రకాల జుట్టును ఒకే నెత్తి మీద మోయాల్సిన పనిగా మారింది.

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు. పద్దెనిమిది దాటని పిల్లలకు చేయించొద్దు. ఒక్క పెళ్లి కోసం, ఒక్క ఫోటో కోసం అయితే వేడి నుంచి కాపాడే స్ప్రే కొట్టి ఆ ఒక్క రోజుకు ఇస్త్రీ చేయించుకోండి, తర్వాతి స్నానానికి ఉంగరాలు వచ్చేస్తాయి. అన్నీ తెలిసి, ఆరు నెలలకోసారి కుదుళ్లకు మళ్లీ చేయించే ఖర్చు భరించగలిగి, నిటారు జుట్టే ఇష్టమైతే అది మీ నిర్ణయం, అందులో తప్పేం లేదు. విసుగు మీద ఉన్న రోజు మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకోవద్దు.

కత్తిరించుకోవడం

దీనికి ఎక్కువ చెప్పేదేం లేదు. గురుకుల హాస్టల్‌లో ఉండే ఆడపిల్లకు, చేతినొప్పి ఉన్నవాళ్లకు, బాలింతలకు పొట్టి జుట్టు నిజంగా సుఖం. తడి జుట్టును కాదు, ఆరిన జుట్టునే కత్తిరించమని చెప్పండి. తడిలో భుజం దాకా ఉన్నది ఆరితే చెవి దాకా ముడుచుకుంటుంది. పలచన చేసే పళ్ల కత్తెర వద్దనండి. పొట్టి కొసలు మధ్యలో నిక్కి జుట్టు ఇంకా ఉబ్బుతుంది. ఒకే పొడుగున కత్తిరిస్తే కింద వెడల్పై గొడుగులా తయారవుతుంది, లేయర్లు కావాలని అడగండి. మగపిల్లలకు కూడా ఇదే లెక్క.

మా చెల్లెలు ఏం చేసింది

ఆమె ఇంట్లో బోరు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఇద్దరు చిన్నపిల్లలు, పొద్దున టైము లేదు. వెంట్రుక మోటు, ఒత్తు. అందుకని రెండు పద్ధతులు కలిపాం: శనివారం రాత్రి కొసలకు కొబ్బరినూనె, ఆదివారం నల్లా నీళ్లు చివర పోసుకునేలా తలస్నానం, కండిషనర్‌లోనే చిక్కు, అవిసె జెల్. బుధవారం నుంచి వదులు జడ. పండగకో, పెళ్లికో తప్ప జుట్టు విప్పుకోవాలన్న కోరిక తనకు లేదు, కాబట్టి క్రీము, సీరం అక్కర్లేదు. నెల రోజులు ఏదీ మార్చొద్దని మాట తీసుకున్నాను, వారానికొకటి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా.

తొమ్మిదింట్లో ఉల్లిగడ్డ నూనె, రెండో కండిషనర్, క్రీము, సీరం ఎవరికైనా ఇచ్చేయమన్నాను. కుంకుడు పొడి అత్తమ్మకే తిరిగి ఇచ్చి, ఈసారి కాయలే ఇవ్వమని అడగమన్నాను. మామూలు షాంపూ మాత్రం పారేయబోతుంటే ఆపాను. నెలాఖరు ఆదివారం దానితోనే పని.